ఆయ్ అనని రోజు

మా వైపు మనుషులకు 'ఆయ్' అనే ఒక్క మాట ఉంటే చాలు, రోజు గడిచిపోతుంది. భోంచేశారా అంటే ఆయ్. ఇంకాస్త వడ్డించనా అన్నా ఆయ్. ఈ విషయంలో మా నాన్నగారిని మించినవాళ్ళు రాజోలు తాలూకా మొత్తంలో లేరని నా నమ్మకం. ఆయన చిన్నబడి మాస్టారు. ఎదుటివాళ్ళ మాట కాదనడం ఆయనకు చేతకాదు. చూసి నాకు ఒళ్ళు మండేది.

డెబ్భైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా హైస్కూల్లో డ్రిల్లు టీచరుగారు శనివారాలు ప్రథమ చికిత్స నేర్పేవారు. కట్లు కట్టమంటే మేము నవ్వాపుకోలేక ఒకరి ముక్కుకొకరం కట్టేవాళ్ళం. ఒకరోజు గుండెనొప్పి గురించి చెబుతూ ఆవిడ కసిరారు.

"నవ్వింది చాలు. మనోళ్ళని 'బానే ఉందా' అని అడక్కండమ్మా. ఆయ్ అంటారు, పోతారు. ఎక్కడ, ఎలా ఉందని అడగండి. ఛాతీ మధ్యన బరువుగా ఉండి, చేతిలోకో దవడలోకో లాగి, చెమటలు పట్టేయంటే ఒక్క అడుగు వెయ్యనివ్వకండి. చేరగిలబెట్టి కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చెయ్యండి, వెంటనే ఆస్పత్రికి మోయించండి."

ఆ వేసవిలో ఒక ఆదివారం నాన్నగారికి అక్షరాలు దిద్దించిన ముసలి మాస్టారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. మూడింటి బస్సుకు బయల్దేరారు. వచ్చినవాళ్ళను బస్సెక్కించి రావడం మా ఇంటి మర్యాద. నాన్నగారు లేచి, గుమ్మం పట్టుకుని ఆగిపోయారు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"ఏరా, బానే ఉందా?" అన్నారు మాస్టారు.

"ఆయ్, బానే ఉందండి."

"కడుపులో గాలి పట్టినట్టుందండి, సోడా తెప్పిస్తాను," అంది అమ్మ.

నేను ఆయనకు అడ్డం వెళ్ళి నిలబడ్డాను. "ఎక్కడ నాన్నగారూ? చూపించండి."

ఆయన అరచెయ్యి మొత్తం ఛాతీ మధ్యన పెట్టుకున్నారు.

"చెయ్యెలా ఉంది?"

"ఎడం చెయ్యి... బరువుగా ఉందమ్మా."

కూర్చోమన్నాను.

"మాస్టారు నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటానే? బస్సెక్కించి వచ్చేస్తాను."

అంత భయంలోనూ ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ప్రాణం పోతున్నా ఈ మనిషి మర్యాద వదలడు! ముసలాయన వైపు తిరిగాను. "తాతయ్యగారూ, మీరు చెప్తే వింటారండి. ఇప్పుడు నడిస్తే చచ్చిపోతారండి!"

అమ్మ "నోర్ముయ్యవే" అంది. ముసలాయన మాత్రం నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, చేతికర్ర నేలకేసి కొట్టారు.

"కూర్చోరా!"

మా నాన్నగారు ఒకటో తరగతి పిల్లాడిలా కూర్చున్నారు.

పడక్కుర్చీ వేసి చేరగిలబెట్టాం. నేను చొక్కా బొత్తాలు విప్పాను. పక్కింటివాళ్ళు సోడా తెస్తే వద్దన్నాను. నలుగురు కుర్చీతో సహా ఆయన్ను మోసుకుని రోడ్డు మీదికి తెచ్చేసరికి మాస్టారి బస్సు వచ్చింది. కుర్చీని అందులోకే ఎక్కించాం. డ్రైవరు దారిలో ఎక్కడా ఆపకుండా రాజోలు ఆస్పత్రి వాకిట్లోకి తీసుకెళ్ళిపోయాడు. దారి పొడుగునా మా నాన్నగారు బస్సులో వాళ్ళతో "మీకందరికీ ఆలస్యమైపోతోందండి" అంటూనే ఉన్నారు.

డాక్టరుగారు గుండెనొప్పే అన్నారు, నడిపించకుండా తెచ్చి మంచి పని చేశారన్నారు. ఇంజెక్షను ఇచ్చి, కాసేపటికి మళ్ళీ వచ్చారు.

"నొప్పి తగ్గిందాండీ, మాస్టారూ?"

అడక్కూడని ప్రశ్న అదే! నాన్నగారి పెదవులు 'ఆయ్' అనడానికి కదిలాయి. మంచం పక్కనున్న నన్ను చూశారు. ఆగారు.

"లేదండి," అన్నారు. "ఇక్కడ ఇంకా ఉందండి."

డాక్టరుగారు వెంటనే నర్సును పిలిచారు. నేను మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాను. ఆయన నోట 'లేదండి' వినడం అదే మొదటిసారి. ఆయన బతుకుతారని నాకు అప్పుడే ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు ఉన్నారు. చుట్ట మానేశారు, ఎండుచేప తగ్గించారు, సాయంత్రాలు కాలవగట్టు మీద మెల్లగా నడిచేవారు. ఊరందరికీ మళ్ళీ ఆయ్ అనడం మొదలుపెట్టారు. నేను కనిపిస్తే మాత్రం, అడగకముందే ఛాతీ మీద చెయ్యి వేసి చెప్పేవారు.

"ఇవాళ ఎక్కడా లేదమ్మా."