భయపడకు అనని సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందన్న సంగతి మా ఇంట్లో మొదట తెలిసింది మా చెల్లెకు. ఆ పొద్దున ఆమె సిస్టరమ్మను కలవాల్సి ఉంది. చెల్లెకు ఎనిమిదో నెల, తొలిచూలు. తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని ఎదురింటికి పోయిన మనిషి అంతలోనే తిరిగొచ్చింది. "అక్కా, సిస్టరమ్మ లేస్తలేదట. ఆమె కొడుకు ఏడుస్తాండు" అని గోడకు ఆనుకుని కూర్చుంది. నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు. నాకు దుఃఖం కంటే ముందు చెల్లె గురించే దిగులు పట్టుకుంది. సిస్టరమ్మ ఆమెతో మొదలుపెట్టిన పని సగంలోనే ఆగిపోయింది.

ఆ పని ఏమిటో చెప్తాను. సిస్టరమ్మ మోత్కూర్ దిక్కు మా మండల దవాఖానలో నర్సు. తెలంగాణ వచ్చిన కొత్తలో, తొలి కాన్పుకు వచ్చే ఆడపిల్లలతో మాట్లాడే బాధ్యత ఆమెకు ఇచ్చారు. దవాఖాన గోడ మీద కౌన్సెలింగ్ అని రాసి ఉండేది గానీ, మా వాడకట్టులో దానికి ముచ్చట అనే పేరు. "మా కోడలు సిస్టరమ్మ కాడికి ముచ్చటకు పోయింది" అనేవాళ్లు. రిటైరయ్యాక కూడా ఆమె మానుకోలేదు. దవాఖాన బెంచీ పోయి ఇంటి వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, అంతే తేడా.

ఆమెను దేవతను చేసి రాయడం నాకు చేతకాదు, ఆమెకూ నచ్చదు. టీవీ సీరియల్ మొదలైతే వీధంతా వినాల్సిందే. కూరలో ఉప్పు ఎప్పుడూ సరిగ్గా పడేది కాదు. ఊరందరికీ సూదులేసిన మనిషి, పన్ను పీకించుకోవడానికి పోయి సూది చూసి కుర్చీలోంచి లేచి వచ్చేసింది. నేను బట్టలు కుడతాను. జాకెట్టు ఎంత బాగా కుట్టినా చంక దగ్గర బిగుతుందని వంక పెట్టి రెండుసార్లు విప్పించేది. నోరు తెరిస్తే ఆగని మనిషి. కానీ ఎదురుగా ఒక కడుపుతో ఉన్న పిల్ల కూర్చుంటే మాత్రం మాట్లాడేది ఆ పిల్లే, సిస్టరమ్మ వినేది. నేను అట్లా కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను.

మా పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. ఇప్పుడు నల్లా నీళ్లు వచ్చాయి గానీ మేము పెరిగింది ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ల మీద. నా పళ్ల మీద గోధుమరంగు చారలు అప్పటివే. ఇప్పటికీ నవ్వితే చెయ్యి దానంతట అదే నోటి మీదికి పోతుంది. మా అమ్మ మోకాళ్లు వంగిపోయాయి, కర్ర లేనిదే నడవలేదు. మా పెద్దమ్మ తొలి కాన్పులోనే చనిపోయింది. అది నేను పుట్టకముందు సంగతి. ఆ నీళ్లకు పాడైన ఎముకలు, మా మాటలో బొక్కలు, విచ్చుకోక చనిపోయిందని ఊళ్లో అందరూ అనేవాళ్లు. మా ఊరి పిల్ల ఎవరు నీళ్లోసుకున్నా ముందు పెద్దమ్మ సంగతి చెప్పి, తర్వాత జాగ్రత్తలు చెప్పేవాళ్లు. మా ఆడవాళ్లకు కాన్పు కాదు, కోతే గతి అని నేను గట్టిగా నమ్మాను.

ఏడో నెలలో నాకొక బుద్ధి పుట్టింది. నా కొలత టేపుతో నా నడుము, పిరుదులు కొలుచుకున్నాను. మా వాడలో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె కొలత నా దగ్గర ఉంది, దానితో పోల్చుకున్నాను. నాది తక్కువ వచ్చింది. ఇంకేముంది, ఆపరేషన్ చేయించండని ఇంట్లో పట్టుబట్టాను. మా అత్తమ్మ అయ్యగారిని అడిగి మంచి ముహూర్తం కూడా పెట్టించింది. అందరం ఒక్క మాట మీద ఉన్నాం. దవాఖాన కార్డు మీద రాశారు కదా అని మాత్రమే ఒకసారి సిస్టరమ్మ ముచ్చటకు పోయాను.

టేపు సంగతి చెప్తే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నేనొక మాట చెప్పనా బిడ్డా?" అని అడిగింది. ఏదైనా చెప్పే ముందు ఆమె అట్లా అడిగేది, మనం ఊఁ అనేదాకా ఆగేది. "టేపు బయట కొలుస్తది. బిడ్డ లోపలి నుంచి వస్తది. అయితే నీ మాట నేను కొట్టిపారెయ్య. గా నీళ్లతోటి బొక్కలు పాడైనోళ్లను నేను చూసిన. నీయి పాడైనయో లేదో నాకు ఎరుక లేదు, నీకూ ఎరుక లేదు. డాక్టరమ్మకు చూపిద్దామా?"

డాక్టరమ్మ చూసి, పరీక్షలు చేయించి, నొప్పులు వచ్చేదాకా ఆగవచ్చని, అవసరం పడితే ఆపరేషన్ ఎట్లాగూ ఉందని చెప్పింది. నేను నమ్మలేదు. డాక్టరు చెప్పగానే పోయేదైతే అది భయమే కాదు.

మరుసటి వారం సిస్టరమ్మ నా ముందు ఒక స్టీలు గిలాస, చెంబెడు నీళ్లు పెట్టింది. "నీకు ఎంత ధైర్యముందో గన్ని నీళ్లు పొయ్యి" అంది. అడుగు తడిసేంత పోశాను. ఇంతేనా అంటుందనుకున్నాను. ఆమె గిలాసను అటూ ఇటూ వంచి చూసి, "గిన్నన్న ఎందుకు పోసినవ్? ఖాళీగ ఎందుకు పెట్టలే?" అంది. ఆలోచించి ఆలోచించి, "డాక్టరమ్మ ఆగొచ్చు అన్నది కదా, అందుకు" అన్నాను. "ఇంకా?" అంది. "మా ఆయన ఎంబడి ఉంటనన్నడు." "ఇంకా?" అట్లా నా నోటితోనే ఒక్కొక్కటి చెప్పించింది. చివరికి ఆ నీళ్లు నన్నే తాగమంది.

భయపడకు అన్న మాట ఆమె నోట నేను వినలేదు. ఎందుకు అనవని తర్వాతెప్పుడో అడిగాను. "భయపడకు అంటే ఆ పిల్ల నాకు చెప్పుడు బంద్ జేస్తది. భయం యాడికి పోతది? ఇంటికి తీస్కపోతది" అంది. మొదట్లో తనూ అందరికీ ధైర్యం నూరిపోసేదట. ఒక పిల్లకు నీకు సులువుగా అవుతుంది, నీకేం కాదు అని పదే పదే చెప్పిందట. ఆ పిల్లకు ఆపరేషన్ తప్పలేదు. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు గానీ, ఆ పిల్ల తనేదో తప్పు చేసినట్టు సిస్టరమ్మకు మొహం చూపించలేకపోయిందట. అప్పటి నుంచి మాట ఇవ్వడం మానేసి, అడగడం నేర్చుకున్నానని చెప్పింది.

మూడోసారి నన్ను ఆమె అడిగింది ఒక్కటే. "నిన్ను మీ అమ్మ ఎట్ల కన్నది?"

నాకు తెలియదు. పెద్దమ్మ చావు నిమిషం నిమిషం తెలుసు, నా పుట్టుక తెలియదు. ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"నిన్నా? పత్తి ఏరుతుంటే నొప్పులొచ్చినయ్. ఇంటికొచ్చిన. మంత్రసానమ్మ వచ్చింది. పొద్దుగూకక ముందే పుట్టినవ్" అంది అమ్మ, పత్తి బస్తా ఎత్తిన సంగతి చెప్పినంత మామూలుగా.

"మరి బొక్కలు?"

"గప్పటికే నొస్తుండె."

"మరి పెద్దమ్మకెందుకు గట్లయింది?"

"మా అక్కకు బిడ్డ పుట్టినంక నెత్తురు ఆగలే. దవాఖానకు తీస్కపోదామంటే బండి దొర్కలే. బొక్కలని ఊరోళ్లన్నరు, మేమూ అన్నం."

"ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వెప్పుడు అడిగినవ్? అందరు మా అక్క సంగతే అడుగుతరు."

ఫోన్ పెట్టేసి నేను చాలాసేపు ఏడ్చాను. పెద్దమ్మ కోసమో, అమ్మ కోసమో నాకే తెలియలేదు. ఆ వారం గిలాసలో సగం దాకా నీళ్లు పోశాను.

ఇక మిగిలింది మా అత్తమ్మ. సిస్టరమ్మ ఆమెను కూడా పిలిచి కూర్చోబెట్టి, ముహూర్తం తప్పని ఒక్క మాట అనలేదు. "అక్కా, మీరు పెట్టించిన ముహూర్తం కంటే ముందే నొప్పులొస్తే, దేవుడే ముహూర్తం పెట్టిండు అనుకుందమా?" అంది. చర్చికి పోయే సిస్టరమ్మే దేవుడి ముహూర్తం అనేసరికి అత్తమ్మ కాదనలేకపోయింది.

నొప్పులు ముందే వచ్చాయి. మధ్యాహ్నం దాకా నేను సిస్టరమ్మను తిట్టని తిట్టు లేదు. ఆమె నా పక్కనే నిలబడి నడుము రాస్తూనే ఉంది. "బొక్కలు ఇరుగుతున్నయ్ సిస్టరమ్మా" అని అరిస్తే, "ఇరుగుతలేవు బిడ్డా, తోవ ఇస్తున్నయ్. భయమైతే కానియ్యి, నేను ఈడనే ఉన్న" అంది. నా బిడ్డ పుట్టింది. పక్క మంచం మీదున్న ఆమెకు అదే రోజు ఆపరేషన్ అయింది. సిస్టరమ్మ ఇద్దరికీ ఒకే ఫ్లాస్కులోంచి చాయ్ పోసింది, ఇద్దరినీ ఒకే తీరుగా మెచ్చుకుంది.

అందరూ నాలాగా మారలేదు. మా వాడలోనే ఒకామె ఎన్ని ముచ్చట్లయినా పట్నం పోయి కోత పెట్టించుకుంది. సిస్టరమ్మ బ్రెడ్డు, అరటిపళ్లు పట్టుకుని ఆమెను చూడ్డానికి పోయింది. "అంత చెప్పినా వినలేదు కదా" అని నేను ఉడుక్కుంటే, "ఎందుకు వినలే? విన్నది. విని ఆమెకు నచ్చింది చేసుకున్నది" అని నన్నే కసిరింది. నేను ఆ మాట ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

చెల్లెను నేనే పిలిపించుకున్నాను, ఈ ముచ్చట కోసమే. దానిదీ అదే భయం, అవే బొక్కలు. నేను కన్నాను కదా అంటే, "నీ సంగతి వేరక్కా, నీ బొక్కలు గట్టియి" అనేది. మొన్నటి వారం గిలాసలో కొంచెం ఎక్కువే పోశానని వచ్చి చెప్పింది. ఆ సంతోషం మొహంలో దాచుకోవడం దానికి రాలేదు.

మధ్యాహ్నానికి అమ్మ ఊరి నుంచి ఆటోలో వచ్చింది. శవపెట్టె లేపే వేళకు చెల్లె చీర మార్చుకుని బయటికి వచ్చింది. వాకిట్లో ఉన్న పెద్దవాళ్లంతా ఒక్కసారే మాట్లాడారు. కడుపుతో ఉన్నది చావు దగ్గరికి పోవద్దు, బిడ్డకు మంచిది కాదు. మా అత్తమ్మ కూడా అదే అంది. చెల్లె అమ్మ వైపు చూసింది. అమ్మ లోపలికి పొమ్మంటుందని నేను అనుకున్నాను.

ఒకసారి నా బిడ్డ పుట్టినప్పుడు వచ్చి అమ్మ సిస్టరమ్మ వరండాలో కూర్చుని ఆమెతో మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

"పరాయోళ్లల్ల నా కాన్పు ఎట్లయిందని నన్ను అడిగినామె గామె ఒక్కతే" అంది అమ్మ. "నడువు బిడ్డా."

సమాధుల జాగా ఊరి బయట, రాళ్ల బాట. ముందు పెట్టె, వెనక జనం, అందరికంటే వెనక అమ్మ, చెల్లె. ఒకామెవి వంగిన మోకాళ్లు, ఒకామెది ఎనిమిదో నెల. ఇద్దరూ ఒకరి మీద ఒకరు బరువు వేసుకుని నడిచారు. వాళ్లు వచ్చేదాకా పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టలేదు.

మట్టి వేసే వంతు వచ్చింది. అమ్మ నడుము వంగదు, కర్ర పట్టుకుని అట్లాగే నిలబడింది. నేను వంగబోతుంటే చెల్లె నన్ను ఆపింది. కాళ్లు ఎడంగా పెట్టుకుని, మెల్లగా కిందికి దిగింది. పూర్తిగా గొంతుక్కూర్చుంది. రెండు పిడికిళ్ల నిండా ఎర్రమట్టి తీసుకుంది. నలుగురు చేతులు చాపారు, లేపుదామని. వద్దన్నట్టు తల ఊపి, దిగినంత మెల్లగా తనే పైకి లేచి, ఒక పిడికిలి అమ్మ అరచేతిలో విప్పింది.