అన్నయ్య నిదానం

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అల్లుడు టీవీలో ఛానళ్ళు తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఎక్కడో పరాయి దేశంలో జరుగుతున్న స్నూకర్ పోటీ అది. ఆడేవాళ్ళు పేరున్న ప్రొఫెషనల్సే గాని, మ్యాచ్ మొత్తం పది నిమిషాలట. మొదటి ఐదు నిమిషాలూ ఒక్కో దెబ్బకి పదిహేను సెకన్లు, ఆ తరవాత పదే సెకన్లు. గడువు దగ్గరపడగానే ఒక యంత్రం టిక్కు టిక్కుమంటూ ఉంటే జనం ఈలలు వేసి గోల చేస్తున్నారు. "ఇదే బాగుందండీ మావయ్యగారూ, లేకపోతే ఇంత నిదానం ఆట ఎవరు చూస్తారు" అన్నాడు అల్లుడు. నేను మంచినీళ్ళ వంకతో లేచి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. నా వయసువాళ్ళకి ఏదో ఒక చప్పుడు ఇలా పనిగట్టుకుని వెనక్కి లాక్కెళ్తూ ఉంటుందనుకుంటాను. నేను ఆ టిక్కు టిక్కు వినపడేచోట ఇప్పటికీ కూర్చోలేను.

మాది మంగళగిరి నేత కుటుంబం. నాన్నగారి హయాంలో బెజవాడ వచ్చి వన్‌టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్టు పెట్టాం. ఆయన తరవాత గల్లా దగ్గర నేనూ, సరుకు దగ్గర అన్నయ్యా కూర్చునేవాళ్ళం. అన్నయ్య నాకంటే ఏడేళ్ళు పెద్ద. సాయంత్రం అయిదు కొట్టగానే, ఎంత బేరం ఉన్నా సరే, లేచి కాలవగట్టు మీది క్లబ్బుకి వెళ్ళిపోయేవాడు. అక్కడ రెండు స్నూకర్ బల్లలుండేవి. దెబ్బ కొట్టేముందు అన్నయ్య బల్ల చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణ చేసేవాడు. ప్రతి మూలా వంగి చూసేవాడు, మళ్ళీ మొదటి మూలకి వచ్చేవాడు, అప్పుడుగాని క్యూ కర్ర ఎత్తేవాడు కాదు. ఎత్తాడంటే మాత్రం బంతి పాకెట్‌లో పడాల్సిందే. ఆయన ఆలోచన చూడ్డానికే కుర్చీలు లాక్కుని కూర్చునేవాళ్ళుండేవారు. మా అన్నయ్య బుర్రలో రాబోయే పది దెబ్బల లెక్క తయారుగా ఉంటుందని నేను ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఇంట్లో కొన్ని చిన్న చిన్న సంగతులు జరుగుతుండేవి. భోజనం దగ్గర పక్కనే ఉన్న గ్లాసు మోచెయ్యి తగిలి ఒలికిపోయేది, వదిన పరధ్యానమని విసుక్కునేది. కొట్లో బేరానికొచ్చినవాళ్ళు పక్కన నిలబడితే పలకరించేవాడు కాదు, పెద్దాయనకి గర్వమెక్కువని అనుకునేవారు. బండి నడపడం మానేసి నా వెనక కూర్చునేవాడు. వయసొచ్చింది, తమ్ముడుండగా నాకెందుకు అనేవాడు. వీటిలో ఏ ఒక్కదాని దగ్గరా నేను ఆగి ఆలోచించలేదు.

ఆ ఏడు క్లబ్బువాళ్ళు కొత్త పద్ధతిలో ఒక టోర్నమెంటు తలపెట్టారు. మొన్న టీవీలో చూసిన ఆ పది నిమిషాల ఆటే. హైదరాబాదు నుంచీ, చెన్నై నుంచీ ప్రొఫెషనల్ ఆటగాళ్ళని పిలిపించి, ఊరి తరఫున ఇద్దరిని నిలబెడదామన్నారు. అన్నయ్యని అడక్కుండానే నేను ఆయన పేరు ఇచ్చేశాను. సంగతి తెలిసి అన్నయ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నాకొద్దురా ఆ గడియారం ఆట. పేరు తీయించెయ్" అన్నాడు. పోస్టర్ల మీద పేరు అచ్చయిపోయిందనీ, ఇప్పుడు వెనక్కి తగ్గితే బజార్లో నా పరువు పోతుందనీ రెండు రోజులు సాధించాను. మూడోరోజు పొద్దున, సరేలే, నీకోసం ఆడతా అన్నాడు.

ఆదివారం పదకొండు గంటలకి మ్యాచ్. హాలు కిటకిటలాడిపోతోంది. ఎదురు ఆడేది చెన్నై నుంచి వచ్చిన ఒక యువకుడు, పాదరసం లాంటి మనిషి. అన్నయ్య వంతు వచ్చింది, అలవాటు ప్రకారం ప్రదక్షిణ మొదలుపెట్టాడు. రెండో మూలకి చేరేసరికే టిక్కు టిక్కు మొదలైంది. రెఫరీ "టైమ్" అన్నాడు, ఫౌలు. రెండోసారీ అంతే. "కొట్టండి గురూగారూ, ఇంకెప్పుడు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మూడోసారి అన్నయ్య ప్రదక్షిణ మానేసి, నిలబడ్డచోటే వంగి కొట్టాడు. తెల్లబంతి ఎర్రబంతి దాకా వెళ్ళకుండానే, దారి పక్కన అందరికీ కనపడుతున్న నల్లబంతిని గుద్దుకుంది. హాలంతా ఘొల్లుమంది. నలుగురితో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

పది నిమిషాలూ అయిపోయాయి. గెలిచిన కుర్రాడు మర్యాదగా అన్నయ్య కుడిపక్కకి వచ్చి చెయ్యి చాపాడు. అన్నయ్య తలవంచుకుని క్యూ కర్రని సంచీలో పెట్టుకుంటున్నాడు. ఆ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఓడినందుకు మొహం తిప్పుకున్నాడని జనం గుసగుసలాడారు. నాకు మాత్రం ఒలికిన గ్లాసులన్నీ ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి.

బయటికి వచ్చి కాలవగట్టున బండి దగ్గర ఆగాం.

"అన్నయ్యా, ఆ అబ్బాయి చెయ్యి చాపాడు. చూళ్ళేదా?"

"ఎటుపక్క?" అన్నాడు.

"కుడిపక్క" అన్నాను. అన్నయ్య కాలవకేసి చూస్తూ చెప్పాడు. "ఎదురుగా ఉన్నది బానే కనపడుద్దిరా. పక్కలే పోయినయ్. గొట్టంలోంచి చూసినట్టుంటది. మూడేళ్ళపైనే అయింది."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే కొట్లో కూర్చోనిస్తారా? బల్ల దగ్గరయితే ఎంతసేపు తిరిగినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆలోచిస్తున్నాడనుకుంటారు. ఆ ఒక్కచోటే నాకు ప్రాణం హాయిగా ఉండేది."

ఆయన మామూలుగానే అన్నాడు, నిష్ఠూరమేమీ లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గ్లకోమా, నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, మందులతో ఉన్నది నిలుపుకోవాలి, ముందే వస్తే చాలా మిగిలేదన్నారు. చుక్కల మందు వేళ తప్పకుండా నేనే వేసేవాణ్ణి. అయినా నాలుగేళ్ళలో ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. అన్నయ్య మళ్ళీ క్లబ్బు మాటెత్తలేదు.

చూపు పూర్తిగా పోయిన ఏడాది, ఒకరోజు పొద్దున్నే నేనే బలవంతంగా తీసుకెళ్ళాను. హాల్లో ఇంకెవరూ లేరు. బల్ల అంచు పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. ఏ బంతి ఎక్కడుందో నేను చెబుతుంటే తలూపుతూ విన్నాడు. నా చెయ్యి ఊతంగా వంగి, ఒక్క దెబ్బ కొట్టాడు. ఎర్రబంతి పాకెట్ అంచుదాకా వెళ్ళి ఆగిపోయింది.

"పడింది అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య చిన్నగా నవ్వాడు. "చప్పుడేదిరా?"

అన్నయ్య పోయి రెండేళ్ళవుతోంది. క్లబ్బు ఉన్నచోట ఇప్పుడు కోచింగ్ కాలేజీ హాస్టలు లేచింది. ఇప్పటికీ ఒక్కోసారి కొట్లో లెక్క చూసుకుంటుంటే, నా కుడిపక్కన ఎవరో మాట్లాడకుండా నిలబడ్డట్టు అనిపించి తల తిప్పుతాను, అక్కడ ఎవరూ ఉండరు. మా అబ్బాయి ఫోన్లోనే చీరలు చూపించి నిమిషాల్లో బేరం ముగిస్తాడు, తేల్చుకోలేక తచ్చాడేవాళ్ళతో వాడికి పడదు. వాణ్ణి మందలించబోయి ఊరుకుంటాను. ఒక మనిషి ఎందుకు ఆలస్యం చేస్తున్నాడో అడిగే తీరిక ఈ రోజుల్లో ఎవరికీ లేదు. మా రోజుల్లో ఆ తీరిక కావలసినంత ఉండేది. నేనే అడగలేదు.