నేను దిద్దిన స్వరం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారని అడిగి నోరు మూయించేదాన్ని. అందుకే ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

యుద్ధం రోజులు. బెజవాడలో ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేదాన్ని. తమ్ముడు దేవదానం రైల్వేలో గుమాస్తా. చర్చిలో పాడే పాట ఏదో ఒకటి తీసుకుని, దాని వరస కింద ఇంకో మూడు గొంతులకు స్వరాలు కూర్చడం సాయంత్రాలు మా ఇద్దరి పని. నడిమి గొంతులు ఆల్టో, టెనర్ నేను రాస్తే, అన్నిటికన్నా కిందుండే బాస్ వాడు రాసేవాడు.

ఆ ఏడు ఈస్టర్ పాట ఆఖరి పాదంలో వాడి బాస్, నా టెనర్ అయిదు స్వరాల ఎడంలో జంటగా దిగాయి. మేం నేర్చుకున్న శాస్త్రంలో అది తప్పు. వాడి బాస్‌లో ఒక స్వరం దిద్దుతానన్నాను. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నేను మాత్రం తక్కువ తిన్నానా? వారం రోజులు మాటల్లేవు.

అంతలో వాడికి టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "ఆ ఒక్క స్వరం మార్చొద్దక్కా," అన్నాడు.

"ముందు జ్వరం తగ్గనీరా," అన్నాను. సరే అనలేదు. జ్వరం తగ్గలేదు.

వాడు రాసిన కాగితం శవపెట్టెలో వాడి గుండెల మీదే పెట్టాను. పాడేవాళ్లకు ప్రతులు నేనే రాసిచ్చాను. ఆ స్వరం దిద్దేశాను. నా తమ్ముడు తప్పు రాశాడని ఎవరూ అనకూడదనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా మాటే నెగ్గాలనుకున్నాను.

ఈస్టర్ పొద్దున చర్చి నిండా ఎండ. ఆఖరి పాదంలో బాస్ పాడే నలుగురూ నేను రాసింది వదిలేసి వాడి స్వరం పాడారు. నలుగురూ ఒక్కసారే. అంతకుముందు ప్రాక్టీసులో ఒక్కనాడూ అలా పాడలేదు. ఆర్గన్ వాయించే ఆవిడ కూడా అక్కడ తల తిప్పి నా వైపు చూశారు.

బయటికొచ్చాక అడిగాను. నలుగురిలో పెద్దాయన కాగితం చూపించి, "మీరు రాసిచ్చిందే పాడామండీ టీచరమ్మగారూ," అన్నారు. కాగితం మీద నా దిద్దుబాటే ఉంది. వాడు రాసింది నేను తప్ప ఎవరూ చూడలేదు. అది వాళ్ల గొంతుల్లోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

శాస్త్రం ఏమన్నా, ఆ స్వరం అక్కడ చాలా బాగుంది. ఆ ముక్క వాడు బతికుండగా చెప్పలేకపోయాను.