ఇస్త్రీ బల్ల మీద నాలుగు వేల సంతకాలు

లూసియో రియోస్‌ను పోలీసులు ఎనిమిదిసార్లు పట్టుకెళ్లారని మా ఊళ్లో అందరూ అంటారు. పన్నెండుసార్లని నేనంటాను. పైన నాలుగూ నేను కలిపినవే. ఆయన ఎన్నడూ కాదనలేదు, పైగా పదమూడోసారి ఎక్కడ జరిగిందో చెప్పమని నన్నే అడిగేవాడు. హైస్కూలు రెండో ఏడాదిలోనే నన్ను బయటికి గెంటారు, చదువు సంగతి నన్నడక్కండి. కథలంటారా, ఈ పరానా నది రెండు గట్ల మీదా నా అంత బాగా చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. కానీ ఇప్పుడు చెప్పేదానికి కలపడానికి నాకేమీ దొరకలేదు.

లూసియో బేకరీలో తీపి రొట్టెలు చేసేవాడు. నలభై మూడేళ్లు అదే బట్టీ, అదే పిండిబల్ల. మా ఊళ్లో ఆయన చేతి జామ్ బన్ను తినకుండా పెరిగిన మనిషి లేడు, ఆయన్ని రాళ్లతో కొట్టినవాళ్లతో సహా. శనివారం మధ్యాహ్నం మాత్రం ఆప్రాన్ విప్పేసి, తల దువ్వుకుని, నా సైకిల్ షాపుకు వచ్చేవాడు. షాపు మూలన ఆయన ఇస్త్రీ బల్ల ఉండేది. దాన్ని చంకన పెట్టుకుని ఎదురుగా ఊరి నడుమనున్న ప్లాజా మైదానంలోకి వెళ్లి, కాళ్లు విప్పి నిలబెట్టి, మీద కాగితాలు పరిచి, పెన్ను దారంతో కట్టేవాడు. అదే మా సంఘం ఆఫీసు.

ఇస్త్రీ బల్ల ఎందుకంటే, ఆ రోజుల్లో మగాళ్లను ప్రేమించే మాలాంటి ముగ్గురు మగాళ్లు కలిసి ఒక టేబుల్ మోసుకెళ్తే జీపు ఆగేది. ఇస్త్రీ బల్ల మోసుకెళ్లే మగాణ్ణి చూసి మాత్రం పోలీసులు పడీపడీ నవ్వి, ముందుకు పోయేవాళ్లు. ఈ కిటుకు కనిపెట్టింది నేనేనని చాలామందికి చెప్పాను. కాదు, లూసియోయే.

లూసియో రియోస్ అన్న పేరు కూడా అలాంటి కిటుకే. ఒక రాత్రి పోలీసులు తరిమితే తెల్ల ఆప్రాన్‌తోనే నదిలో దూకాడట. అవతలి లంకలో తేలేసరికి ఆప్రాన్ జేబులో మూరెడు చేప ఉందని నేను చెబుతాను, అది వదిలేయండి. మర్నాడు దొరికిపోయాడు. స్టేషన్లో పేరడిగితే, ఒంటి మీద తడి ఇంకా ఆరలేదు, నోటికి నదే వచ్చింది: లూసియో రియోస్. రియోస్ అంటే నదులు. పట్టుబడినవాళ్ల పేర్లు పేపర్లో వేసేవాళ్లు, పని చేసే చోటికి పంపేవాళ్లు. అసలు పేరు చెప్పకపోబట్టే ఉద్యోగం నిలిచింది. మాలో అందరికీ అప్పట్లో అలాంటి పేరొకటి ఉండేది. రోజులు మారాక చాలామంది వదిలేశారు. లూసియో వదల్లేదు. తలుపు మీద అదే, పెళ్లి శుభలేఖల మీద అదే, చచ్చిపోయిన స్నేహితుల పూలదండల రిబ్బను మీదా అదే. గుర్తింపు కార్డులో ఏం పేరుందో ఆయన్ని నేను ఎన్నడూ అడగలేదు. అడగడం మాలో మర్యాద కాదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఆ బల్ల మీద ఎన్ని సంతకాలు పడ్డాయో. నడక నచ్చకపోతే మనిషిని లోపల వేయొచ్చనే పోలీసు ఉత్తర్వు ఎత్తేయమని ఒక కట్ట. ఆసుపత్రికి ఎయిడ్స్ మందులు తెప్పించమని ఒక కట్ట. మా పెళ్లిళ్లు పెళ్లిళ్లేనని ఒక కట్ట. పెళ్లి చట్టం వచ్చేనాటికి లూసియో పెళ్లాడాల్సిన మనిషి ఆ మందుల కోసం చూసి చూసి పోయి పదహారేళ్లు. ఆ రోజు ప్లాజాలో అందరూ డాన్సులాడుతుంటే ఆయన బల్ల మడిచి నా షాపులో పెట్టి, "ఒక పని అయింది" అని ఇంటికి వెళ్లిపోయాడు.

అన్ని కట్టల్లోనూ ఒక్కదాన్ని కూడా ఎవరూ లెక్కపెట్టలేదు. ఏదో ఒక సొరుగులోకి పోయేవి. అందుకే చివరికి ఆయన, నెలిదా కలిసి మునిసిపల్ కౌన్సిల్ మెడలు వంచి ఒక నియమం తెచ్చారు. నాలుగు వేలమంది ఓటర్లు సంతకం పెడితే, ఏ విషయం మీదైనా కౌన్సిల్ అందరి ముందూ బహిరంగ విచారణ జరిపి తీరాలి. కౌన్సిలర్లు ఒప్పుకుంటూ ఒక మెలిక పెట్టారు: పేరు, కార్డు నంబరు రిజిస్టరుతో సరిపోవాలి. ప్రతి కాగితం అడుగున సంతకాలు సేకరించినవాడూ సంతకం పెట్టాలి. సరిపోతే లెక్కపెడతామన్నారు. మాకు కావలసింది కూడా అదే.

నెలిదా అంటే లూసియోతో పాటు సంఘం పెట్టిన మనిషి. రిటైరైన స్కూలు నర్సు, డెబ్బై ఒకటి. ఒకప్పుడు పెళ్లి చేసుకుని, ఒక కొడుకును కని, ఆ తర్వాత పోస్టాఫీసు గుమస్తా గ్రాసియెలా అనే ఆవిడతో ముప్ఫై ఏళ్లు కాపురం చేసింది. ఆమె మనవడు బ్రూనోకు పదహారేళ్లు. కార్డులో మిలాగ్రోస్ అని ఆడపిల్ల పేరు ఉంటుంది. పదమూడో ఏటి నుంచి బ్రూనో అనే పిలిపించుకుంటున్నాడు. నెలిదా మాత్రం మిలా అంటుంది. వాడు పలకడు. ఆవిడ మళ్లీ మిలా అంటుంది.

ఊరి ఆసుపత్రిలో గురువారాలు ఒక గది తెరిచేవారు. బ్రూనోలాంటి పిల్లల కోసం ఒక డాక్టరమ్మ, ఒక సైకాలజిస్టు. వాడు పదకొండు నెలలు ఎదురుచూసి మొదటిసారి లోపలికి వెళ్లాడు. రెండోసారికి తేదీ ఇచ్చారు. ఇంతలో పద్దెనిమిది నిండనివాళ్లకు ఆ గది మూసేయాలని కౌన్సిల్‌లో తీర్మానం వచ్చింది. చర్చ లేదు, డాక్టరును పిలిచేది లేదు, చలికాలపు సెలవుల ముందు చేతులెత్తి ముగించేయడమే.

లూసియో ఇస్త్రీ బల్ల తీశాడు. బహిరంగ విచారణ కావాలని కాగితాలు వేయించాడు. నెలిదా మొదటి శనివారం రాలేదు. రెండో శనివారం వచ్చి, సంతకం పెట్టకుండా, నా స్టూలు లాక్కుని కూర్చుంది.

"పదహారేళ్లప్పుడు నేనూ మా అన్న చొక్కాలే తొడిగాను రా. నన్నెవరైనా ఆ గదిలోకి తీసుకెళ్లుంటే ఇవాళ ఏమయ్యుండేదాన్నో నాకు తెలీదు. నీకు తెలుసా?"

"తెలీదక్కా," అన్నాడు లూసియో. "నాకు పదహారేళ్లప్పుడు వెళ్లడానికి ఒక్కటే గది ఉండేది. దానికి బయట తాళం ఉండేది."

"కబుర్లు చెప్పకు. ఎంతకాలం మాట్లాడతారు, మందు ఎప్పుడిస్తారు, రేపు దాని మనసు మారితే జవాబు ఎవరు చెబుతారు? ఆ డాక్టరమ్మ నా ఎదురుగా నిలబడి చెప్పాలి."

"అయితే సంతకం పెట్టు. ఆవిణ్ణి నీ ఎదురుగా నిలబెట్టేది ఈ కాగితమే."

ఆవిడ పెట్టింది. అడగవలసిన ప్రశ్నను ఒక మందుల చీటీ వెనక రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి శనివారం ఇద్దరూ చెరో పక్కన నిలబడి సంతకాలు అడిగారు. గది ఉండాలనేవాళ్లను ఆయన పిలిచేవాడు, అనుమానాలున్నవాళ్లను ఆవిడ పిలిచేది. మా చర్చి ఫాదర్ చెల్లెలు కూడా నెలిదా పక్కన సంతకం పెట్టింది. ఇంత చక్కగా పోట్లాడుకుంటూ కలిసి పనిచేసిన జంటను నేను చూడలేదు. మాతే, అదే మా ఆకు టీ, తాగే గిన్నె ఆయన చేతి నుంచి ఆవిడ చేతికి, ఆవిడ నుంచి నాకు, మధ్యలో తిట్లు.

బ్రూనో వచ్చిన రోజు బాగా చలి. పదహారు నిండితే ఓటుంది, సంతకమూ చెల్లుతుంది. వాడు పెన్ను తీసుకుని బ్రూనో అని మొదలుపెట్టబోతుంటే లూసియో కాగితం మీద అరచెయ్యి వేశాడు.

"కార్డులో ఉన్నదే రాయాలి నాన్నా."

"ఆ పేరు నేను రాయను తాతా."

"తెలుసు. ఎవరికి చెబుతున్నావు? కానీ పేరు కుదరకపోతే కొట్టేస్తారు. వాళ్లు సాకు కోసమే కాచుక్కూర్చున్నారు. ఒక్కసారి. నీకోసం కాదు, ఈ కాగితం కోసం."

నెలిదా అటు తిరిగి ప్లాజాలో పావురాలను చూసింది. వాడు వంగి రాశాడు. ఎంత నొక్కి రాశాడంటే పెన్ను మొన కాగితంలోంచి ఇస్త్రీ బల్ల గుడ్డలోకి దిగింది. రాసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. అలాంటి పిల్లలు ఇంకో ముప్ఫైమంది దాకా వచ్చారు. అందరి చేతా లూసియో అలాగే రాయించాడు. ఒక్కొక్కరికీ అదే మాట, అదే గొంతుతో. ఏ పేరూ తప్పిపోకుండా కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసేవాడు. పిండి తూచే మనిషి, చూపు గట్టిది.

రెండు వందల పన్నెండు కాగితాలు, కాగితానికి ఇరవై. గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. తొమ్మిదింటికే కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లాం: లూసియో, నెలిదా, నేను, వెనక దూరంగా బ్రూనో. లూసియో పెళ్లికొడుకులా తయారయ్యాడు. బన్నుల పెట్టె కూడా తెచ్చాడు. లంచమంటారని నేను దాన్ని లాక్కుని, దారిలో సగం తినేశాను.

సెక్రటరీ మంచి మనిషి. ఆవిడ పిల్లల పుట్టినరోజు కేకులన్నీ లూసియో చేసినవే. కాగితాలు తిప్పింది, నంబర్లు కంప్యూటర్లో కొట్టింది. కాసేపటికి తలెత్తి అడిగింది.

"సెగుండో ఫారియాస్ ఎవరు?"

నేను అటూ ఇటూ చూశాను. నెలిదా భుజాలెగరేసింది. సెక్రటరీ ఇంకో కాగితం తీసి, ఇంకో నంబరు కొట్టి, మళ్లీ అదే అడిగింది. అప్పుడు లూసియో మొహం చూశాను. మైదాపిండి కొట్టినట్టుంది.

ప్రతి కాగితం అడుగున, సేకరించినవాడి గీత మీద, ఆయన నలభై ఏళ్లుగా పెట్టే సంతకమే పెట్టాడు. లూసియో రియోస్. పక్కన నంబరు మాత్రం సెగుండో ఫారియాస్ అని ఉన్న ఆయన కార్డులోదే. రెండు వందల పన్నెండుసార్లు.

ఇలాంటప్పుడే కదా నాలాంటివాడు పనికిరావాలి. అసలా పేరు విన్నదే అప్పుడు, అయినా ఆగలేదు. సెగుండో అంటే ఆయన కవల సోదరుడని, పోయి చాలాకాలమైందని, కార్డులు తారుమారయ్యాయని అల్లేశాను. సెక్రటరీ అద్దాలు తీసింది.

"చనిపోయినవాడి నంబరుతో సంతకం చేశారని రాసుకోమంటారా?"

నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాలన్నిట్లోకీ అవసరమైంది అదొక్కటే, అదే పారలేదు.

లూసియో తేరుకుని, ఇప్పుడే అన్నిటి మీదా మళ్లీ పెడతానన్నాడు. దాఖలైన కాగితం మీద చెయ్యి వేయకూడదంది ఆవిడ. కొత్త కాగితాలంటే మళ్లీ నాలుగు వేల మంది, మధ్యాహ్నం పన్నెండు లోపు. చెల్లకుండా పోయిన విషయాన్ని పన్నెండు నెలల దాకా మళ్లీ తేకూడదన్నది కూడా నియమమే. అది ఎవరు రాశారో చూస్తే, ఊరికే మాటిమాటికీ విచారణలంటూ తమను సతాయించకుండా ఉండాలని మా వైరిపక్షం అడిగితే, పోనీలెమ్మని ఒప్పుకున్నది లూసియోయే.

"నన్ను క్షమించండి లూసియో గారూ," అంది సెక్రటరీ. ఆ పేరుతోనే అంది.

అప్పటిదాకా తలుపు దగ్గరున్న బ్రూనో ముందుకొచ్చాడు. గొంతు పెంచలేదు.

"నా చేత రాయించావు కదా, తాతా."

అంతే అన్నాడు. పన్నెండుసార్లు స్టేషన్ మెట్లెక్కిన మనిషి — సరే, ఎనిమిది — ఒక పదహారేళ్లవాడి ముందు తల ఎత్తలేకపోయాడు.

సెలవుల ముందు వారం తీర్మానం పాసైంది. పదిహేను నిమిషాలు పట్టిందట. డాక్టరమ్మను ఎవరూ పిలవలేదు. నెలిదా ప్రశ్న మందుల చీటీ వెనకే ఉంది. గది నిలవాలన్నవాళ్లూ ఓడారు, అడిగి తెలుసుకోవాలన్నవాళ్లూ ఓడారు. ఒకసారి ఆవిడ నా షాపుకొచ్చి, ఆ చీటీ తీసి, మడత విప్పి, మళ్లీ మడిచి పెట్టుకుంది. "ఇప్పుడు ఎవర్ని అడగను రా? అదేమో నాతో మాట్లాడదు," అంది. బ్రూనోకు పద్దెనిమిది నిండడానికి ఇంకా ఇరవై నెలలు. రొసారియో నగరం బస్సులో రెండు గంటలు, అక్కడ ఇంకో డాక్టరున్నాడని విన్నాడు. వాళ్ల నాన్న తీసుకెళ్లనన్నాడు. వాడు భోజనం తన గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకుంటాడట.

లూసియో రెండు శనివారాలు రాలేదు. మూడో శనివారం వచ్చి బల్ల తీసుకెళ్లాడు. అడగడానికేమీ లేదు, అయినా కాళ్లు విప్పి నిలబెట్టాడు. కౌన్సిల్ తిప్పిపంపిన కట్ట ముందు పెట్టుకుని, ఒక కాగితం వెనక ఏదో రాస్తున్నాడు. నేను మాతే పట్టుకెళ్లి తొంగిచూశాను. సెగుండో ఫారియాస్. సెగుండో ఫారియాస్. ఒక్కో గీత ఒక్కోలా ఉంది. ఒకటో క్లాసు పిల్లాడి రాతే నయం.

"బావుందన్నా. ఇంకో నలభై ఏళ్లు రాస్తే కుదురుతుంది," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

అప్పుడే బ్రూనో సైకిలు దిగాడు. వాడు వస్తాడని ఎవరం అనుకోలేదు. నేరుగా బల్ల దగ్గరికొచ్చి, కట్ట అందుకుని, నిలబడే ఒక్కొక్క కాగితం తిప్పాడు. తనది దొరికింది. దారానికి కట్టిన పెన్ను లాగి, మిలాగ్రోస్ అన్న పేరు మీద అడ్డంగా, నిలువుగా, నల్లగా కాగితం చిరిగేదాకా కొట్టేశాడు. పైన బ్రూనో అని రాశాడు.

"ఎలాగూ చెల్లదుగా," అన్నాడు.

లూసియో ఆ కాగితాన్ని వాడికి ఇవ్వబోయాడు. వాడు తీసుకోలేదు. సైకిలెక్కి నది వైపు వెళ్లిపోయాడు. ఆ సైకిలు చైను బిగించింది నేనే, చప్పుడు చెయ్యదు.

లూసియో కాగితాలన్నీ సర్ది బల్ల మడిచాడు. నేను దాన్ని షాపులోకి మోసుకెళ్లి మూలన నిలబెట్టాను. ఆ గుడ్డ మీద, చలిరోజున పెన్ను దిగినచోట, ఆ పేరు గుంటలుగా ఇంకా ఉంది. కాగితం మీద కొట్టేసినా అక్కడ పోలేదు. వేలితో తడిమితే చదవొచ్చు. గుడ్డ మారుద్దామని ఆయనతో అన్నాను. వద్దన్నాడు. ఆ తర్వాత ఏ శనివారమూ దాని కోసం రాలేదు.