ముఠా నాయకుడి నోట్లో అక్క మాట

సీరియల్ చివర పేర్లు పడేటప్పుడు "మాటలు" అని ఒక పేరు వస్తుంది. అది వచ్చేసరికి జనం లేచి దుప్పట్లు సర్దుకుంటూ ఉంటారు. ఆ పేరు ఒకావిడది. పరాయి భాషల సీరియళ్లకు తెలుగు మాటలు రాస్తుంది. స్టూడియోలో అందరికీ ఆమె మాటలక్క.

పని చెప్పుకోవడానికి తేలికే. తెర మీద మనిషి నోరు తెరిస్తే తెలుగు రావాలి, మూస్తే ఆగాలి. అతని పెదవులు కలిసిన చోట పకారమో బకారమో మకారమో పడాలి. అర్థం సంగతి ఆ తర్వాత. ఇన్నేళ్లుగా కిటికీ లేని గదిలో కూర్చుని ఆమె ఊరూ పేరూ తెలియనివాళ్ల పెదాలు చూస్తోంది. ఎంతమంది ప్రేమికులకు వీడ్కోలు రాసిందో, ఎంతమంది హంతకులకు ఆఖరి మాట రాసిందో ఆమెకే గుర్తులేదు. ఇంటికి వచ్చాక మాత్రం ఎవరు పలకరించినా "ఊఁ" అని ఊరుకుంటుంది. రోజంతా మిఠాయి కాచేవాడికి సాయంత్రం తీపి తినాలనిపిస్తుందా?

అలా ఉండగా ఒక కొరియా నేరాల సీరియల్ వచ్చి పడింది. మత్తుమందుల ముఠా నాయకుడి కథ. తెల్ల చొక్కా వేసుకుంటాడు, గొంతు పెంచడు, మెల్లగా నడుస్తాడు, మనుషుల్ని చంపిస్తాడు. ఐదో భాగంలో తనను మోసం చేసిన కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, భోజనం పెట్టించి, ఒక మాట అంటాడు. ఆమె చేతికి వచ్చిన ఇంగ్లీషు ప్రతిలో "నాతో అబద్ధమాడితే ఏమవుతుందో తెలుసా" అన్నట్టుంది. కానీ వాడి పెదవులు మొదట్లోనే గట్టిగా కలుస్తాయి. చివర నోరు నెమ్మదిగా తెరుచుకుంటుంది. "నాతో" అంటే కుదరదు. ఎన్ని రాసినా వాడి నోట్లో ఇమడలేదు. అవతల గాజు గదిలో నాయకుడికి గొంతు ఇచ్చే పెద్దమనిషి పొద్దుటి నుంచి నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఏదో ఒకటి ఇచ్చెయ్యండి. ఆకలికి నా కడుపే డైలాగులు చెప్పేస్తోంది" అన్నాడు మైకులోంచి.

అలసటలో మనిషి చేతికి దగ్గరగా ఉన్నదే తీస్తాడు. ఆమె కాగితం మీద రాసింది: "ముందు అన్నం తిను. తన్నులు తర్వాత తిందువుగాని." తాళంలో తాళంచెవి పడ్డట్టు పడింది. గొంతు పెద్దమనిషి దాన్ని ఎంత ప్రేమగా పలికాడంటే సౌండు చూసే అబ్బాయి ఒళ్లు జలదరించిందన్నాడు. అందరూ భోజనానికి లేచారు. ఆమె కూడా లేచింది, ఏం చేసిందో తెలియకుండానే.

అది ఆమె ఇంటి మాట. ఇంట్లో "తన్నులు" కాదు, "తిట్లు". అంతే తేడా.

అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. చిన్నోడు అంటుంది ఇప్పటికీ. ఆ చిన్నోడు మీసాలొచ్చాక మత్తు పొట్లాల పాలయ్యాడు. ఎక్కడ మొదలైందో, ఎవరు అలవాటు చేశారో అనవసరం. అబద్ధాలు ఆడాడు, ఇంట్లో వస్తువులు మాయం చేశాడు, వారాల తరబడి కనబడకుండా పోయాడు. ఎప్పుడో ఒకప్పుడు పీక్కుపోయిన మొహంతో గుమ్మంలో తేలేవాడు. అప్పుడు ఆమె తలుపు తీసి, "ముందు అన్నం తిను, తిట్లు తర్వాత తిందువుగాని" అనేది. వాడు తినేవాడు. తిట్లు మాత్రం చాలాసార్లు బాకీ ఉండిపోయేవి, తిట్టే ఓపిక లేక. చికిత్స కేంద్రంలో ఉండగా వాడొకసారి చెప్పాడు, ఆ మాట గుర్తొచ్చే ఇంటి దారి పట్టేవాణ్ణని. ఇప్పుడు బాగున్నాడు. ఒక లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాడు, తోటివాళ్లతో కలిసి అక్కడే పైగదిలో ఉంటాడు. ఆదివారం అక్క ఇంటికి భోజనానికి వస్తాడు. ఆ ఆదివారం కోసమే ఆమె మిగతా వారమంతా భరిస్తుంది.

సీరియల్ విడుదలైంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా! పిల్లలు ఆటల్లో ఆ మాటే అంటున్నారు. బస్సులో కండక్టరు చిల్లర అడిగినవాడితో అంటున్నాడు. స్టూడియో మేనేజరు ఫోన్ చేసి, "అక్కా, రెండో సీజన్ వస్తోంది. జనం అభిప్రాయాలన్నీ చదవండి. వాళ్లకి ఏం నచ్చిందో అదే దంచుదాం. ఆ అన్నం డైలాగు భాగానికొకటి పడాలి" అన్నాడు.

చదివింది. పనిగదా. ఒకావిడకు పోలీసు అధికారి మొహం చూస్తే నిద్ర ముంచుకొస్తోందట, నాయకుడు రాగానే మెలకువ వస్తోందట. ఒకాయన ఏడో భాగం దాకా ఎవరు ఎవరో తెలియలేదనీ, అందరూ ఒకేలా ఉన్నారనీ, అయినా మానలేకపోయాననీ రాశాడు. ఇంకొకాయన అసలు భాషలో చూస్తేనే మజా, తెలుగులో చూసేవాళ్లు గొర్రెలన్నాడు. ఆయన మీద గొర్రెలన్నీ కలిసి పడ్డాయి. "చేసేది తప్పుడు పనైనా మనిషి మంచివాడు, తనవాళ్లకి కడుపు నిండా పెడతాడు" అని ఒకరంటే, "ఇలాంటి అన్న ఒక్కడుంటే చాలు" అని దాని కింద వందలమంది. మధ్యలో ఎవరో తల్లి, "మా వాడు ఇలాగే పోయాడు. సగంలో ఆపేశాను" అని రాసింది. దానికి ఎవరూ జవాబివ్వలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఆమెకు ఆ అభిప్రాయాల్లో ఒక్కటే కావాలి. అది కనబడటం లేదు. సీరియల్ వచ్చిన వారం చిన్నోడు భోజనానికి రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మత్తు చొరబడ్డ ఇళ్లలో బతికినవాళ్లకు ఎవరూ ఎత్తని ఫోన్ అంటే ఏమిటో తెలుసు. మళ్లీ మొదలుపెట్టాడా? ఆ మాట విని ఏమనుకున్నాడు? ఇంటి గుమ్మాన్ని ఊడబీకి ముఠావాడికి అమ్ముకున్నానని అనుకున్నాడా? తట్టుకోలేక పని మధ్యలో లేచి లాండ్రీకి వెళ్లింది.

లోపలంతా ఆవిరి. ఇద్దరు మనుషులు తడి దుప్పటిని చెరోవైపు పట్టుకుని దులుపుతున్నారు. మధ్యాహ్నం భోజనాల డబ్బాలు అప్పుడే వచ్చాయి. ఒకడు బల్ల దగ్గరున్న చిన్నోడి భుజం మీద చెయ్యేసి, గొంతు బొంగురు చేసి, "ముందు అన్నం తిను తమ్ముడూ..." అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నోడూ నవ్వాడు, పళ్లతో మాత్రమే. ఆమె ముందు వాడి కళ్లు చూసింది. పాత అలవాటు. కళ్లు తేటగా ఉన్నాయి. చేతులు వణకడం లేదు. అప్పుడు పక్కనున్న దుప్పట్ల మూట మీద కూలబడింది.

వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. "చూశాను అక్కా. మొత్తం చూశాను."

"ఎలా ఉంది?" అంది. ఏం అడగాలో తెలియక జనాన్ని అడిగేదే అడిగింది.

"బాగా తీశారు. వాడి ఇల్లే మరీ శుభ్రంగా ఉంది. నాకు సరుకు అమ్మినవాడి ఇంట్లో కుక్క కూడా బక్కగా ఉండేది." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అక్కడ నన్ను ఎవడూ అన్నం తినమనలేదక్కా. ఒక్కడంటే ఒక్కడు కూడా."

"కావాలని రాయలేదురా. వాడి పెదాలకు ఇంకేదీ కుదరక..."

"తెలుసు. నీ పని నాకు తెలీదా? కోపం కాదు. కానీ ఆదివారం బయల్దేరబోతే కాలు రాలేదు. నువ్వు తలుపు తీసి ఆ మాట అంటావు. అంటే నాకు వాడే కనిపిస్తాడు. తెల్ల చొక్కా వేసుకుని నువ్వు నిలబడ్డట్టుంటుంది. దానికి నేనేం చెయ్యను?"

ఆమెకు ఏడుపొచ్చింది. దుప్పటి అంచుతో తుడుచుకోబోతే, "అది ఉతికిందే" అన్నాడు వాడు.

"మరి ఏమనమంటావురా?"

"నన్నడుగుతావేంటి? మాటలు రాసేది నువ్వు. ఇంకొకటి రాసుకో. తొందరేం లేదు, ఆదివారం వస్తాను."

మర్నాడు మేనేజరుతో, రెండో సీజన్లో ఆ డైలాగు ఎక్కడా పెదాలకు కుదరడం లేదని చెప్పింది. ఆయన ఎంత బతిమాలినా కుదరలేదనే చెప్పింది. ఇన్నేళ్లలో పని విషయంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఆడినందుకు హాయిగా ఉంది కూడా.

ఇక కొత్త మాట కోసం వారమంతా వెతికింది. కొరియావాళ్లకూ వాళ్లకూ వీళ్లకూ పుంఖానుపుంఖాలుగా రాసిన మనిషికి సొంత తమ్ముడి కోసం ఒక్క ముక్క దొరకలేదు. రాసిందల్లా ఎవడో ఒకడు తెర మీద అన్నదే అనిపించింది. ప్రేమగా ఉన్నది నాటకంలా ఉంది, మామూలుగా ఉన్నది చప్పగా ఉంది. ఆదివారం వంట చేస్తూ కూడా పెదాలు కదుపుతూనే ఉంది. ఇంతలో తలుపు తట్టారు. ఏమీ సిద్ధంగా లేదు. వెళ్లి తీసింది.

ఎదురుగా చిన్నోడు, చెమటలు కక్కుతూ.

"వచ్చావా?" అంది.

వచ్చి ఎదురుగా నిలబడ్డవాణ్ణి వచ్చావా అని అడగడమేమిటని ఆమెకే సిగ్గేసింది. వాడు మాత్రం చెప్పులు విడవడం కూడా మరిచి అలాగే నిలబడ్డాడు.

"వచ్చానక్కా" అన్నాడు. చెప్పులు విడుస్తూ, "ఇది బాగుంది. దీన్ని మాత్రం ఎవడికీ రాసివ్వకు" అని లోపలికి వచ్చి, కంచం తనే తీసుకున్నాడు.