పీఎఫ్ తగ్గించిన నెల

నా చిన్నప్పుడు జీతం వచ్చిన రోజున మా నాన్న జోలికి ఎవరమూ వెళ్ళేవాళ్ళం కాదు. మిగతా నెలంతా నెమ్మదస్తుడే. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక కంపెనీలో స్టోర్సు గుమాస్తా. ఒక్క బోల్టు తక్కువైనా పట్టేసే మనిషి. అలాంటివాడు జీతం కవరు చేతికి రాగానే అందులోని స్లిప్పు తీసి, కోతలన్నీ పైకి చదివి, ఒక్కో కోతకీ ఒక్కొక్కరిని తిట్టేవాడు. పీఎఫ్‌కి ప్రభుత్వాన్ని, ఇన్‌కమ్‌టాక్సుకి ఢిల్లీని, క్యాంటీన్ బాకీకి క్యాంటీన్‌వాణ్ణి. అన్నం చల్లారిపోయేది.

ఆ కోపానికి ఒక కారణం లేకపోలేదు. మాది చేనేత కుటుంబం. మా తాతయ్య చల్లపల్లి దగ్గర మగ్గం నేసేవాడు. వారం వారం కూలిలో కొంత షావుకారు దగ్గరే దాచుకునేవాడు. చివరికి అడిగితే ఆ షావుకారు, పాడైన చీరలకే అదంతా సరిపోయిందన్నాడు. ఆ ఇంట్లో పెరిగిన మా నాన్నకి, చేతికి రాకముందే పట్టుకున్న డబ్బు మళ్ళీ కంటపడుతుందంటే నమ్మకం ఉండేది కాదు.

మా పై వాటాలో ఒక అక్క అద్దెకుండేది. అదే కంపెనీలో జీతాలు లెక్కకట్టే సెక్షన్లో పని. తండ్రి లేడు. తల్లినీ తమ్ముణ్ణీ ఆ ఉద్యోగంతోనే పోషించేది. ఆదివారాలు నాకు లెక్కలు చెప్పేది. తప్పనిసరిగా కోసే పీఎఫ్ కాక ఇంకో నూరు రూపాయలు అందులో వేసుకోమని మా నాన్నకి చెప్పింది ఆవిడే. రిటైరయ్యాక పనికొస్తుందని, ఈలోపు పన్నూ కొంత తగ్గుతుందని. ఆయన మొదటి సగం విని, వెయ్యడం మొదలుపెట్టాడు. రెండో సగం వినలేదు.

ఏడాది గడిచాక, తెలిసిన బట్టల కొట్టువాళ్ళు నెలకి నూరు రూపాయల చీటీ మొదలుపెట్టారు. మా నాన్న అందులో చేరిపోయి, ఆ పై నూరూ పీఎఫ్‌లో వెయ్యడం ఆపేయమని ఆఫీసులో కాగితం ఇచ్చాడు. అక్కడ ఆపిన నూరు ఇక్కడ చేతికి రావాలి, దాన్ని తీసుకెళ్ళి చీటీకి కట్టాలి. ఆయన లెక్క అంతే.

ఆ నెల కవరులో పెరిగింది ఎనభై ఐదు.

మా నాన్న నోట్లు మూడుసార్లు లెక్కపెట్టాడు. స్లిప్పులో ఇన్‌కమ్‌టాక్సు పోయిన నెలకంటే పదిహేను ఎక్కువుంది. దాన్ని చూశాడు కానీ నమ్మలేదు. జీతం ఒక్క పైసా పెరగకుండా పన్నెలా పెరుగుతుంది? కాగితం మీద పన్ను అని రాసి, పదిహేను రూపాయలు పక్కకి తీశారు. తీసిందెవరో చెప్పక్కర్లేదు కదా, జీతం కట్టేది ఒక్కరేగా.

“పైనే ఉంది కదండీ, పిలిచి అడగరాదూ?” అంది మా అమ్మ.

“అడిగితే తిన్నవాళ్ళు తిన్నామంటారుటే? మా నాన్న అడిగాడుగా షావుకారుని!”

ఆ రాత్రే నన్ను కూర్చోబెట్టి కంపెనీ ఓనరు గారికి ఫిర్యాదు రాయించాడు. నాది ముత్యాల్లాంటి దస్తూరీ అని ఆయన గర్వం. నేను ఏడో తరగతి. ‘సదరు ఉద్యోగిని నా జీతంలో పదిహేను రూపాయలు స్వాహా చేసినదని మనవి’ అని రాశాను. స్వాహా అన్న మాట నాకు కొత్త. బావుందనిపించింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

శనివారం పొద్దున ఉత్తరం ఓనరు గారి బల్ల మీదికి వెళ్ళింది. సాయంత్రానికి ఆయన అక్కని పిలిచి, ఉత్తరం చేతికిచ్చి, సోమవారంలోగా సంజాయిషీ రాసివ్వకపోతే ఇక రానక్కర్లేదన్నారట.

ఆదివారం పొద్దున్నే అక్క మా గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. చేతిలో ఖాళీ జీతం ఫారమూ, పన్ను రేట్ల కాగితమూ.

“బాబాయ్ గారూ, ఈ నెల మీ జీతం మీరే కట్టండి. మీ లెక్కలో చేతికి ఎక్కువొస్తే ఆ తేడా నేనిచ్చుకుంటాను. సోమవారం రాజీనామా కూడా ఇస్తాను.”

మా నాన్న పెన్ను తీశాడు. స్టోర్సు గుమాస్తాకి లెక్క రాదంటారా ఎవరైనా! మొత్తం జీతం వేసి, దాని మీద పన్ను లెక్కకట్టాడు. స్లిప్పులో ఉన్నదానికంటే ఎక్కువొచ్చింది. పోయిన నెలకీ అలాగే కట్టాడు. అక్కడ తేడా ఇంకా ఎక్కువ. ఆయన మొహం వెలిగిపోయింది.

“చూశావా, రెండు నెలలూ తప్పే! గవర్నమెంటుకి రావాల్సింది కూడా సరిగ్గా కొయ్యలేదు నువ్వు.”

“మరి కొయ్యని ఆ డబ్బు ఎవరి కవర్లో ఉంది బాబాయ్ గారూ?”

“నా...” అని ఆగిపోయాడు.

మా అమ్మ వంటింట్లోంచి, “ఇంకా రాయండి, ఇంకో ఉత్తరం రాయండి,” అంది.

అప్పుడు అక్క ఆయన చేతిలో పెన్ను ఆయన చేతిలోనే ఉంచి, ఒక్కో అంకే చూపించింది. పన్ను మొత్తం జీతం మీద కాదు. పీఎఫ్‌లోకి వెళ్ళింది తీసేశాక మిగిలిన దాని మీద. ఆ నూరూ పీఎఫ్‌లోకి పోయినన్నాళ్ళూ దాని మీద పన్ను పడలేదు. చేతికి రావడం మొదలుపెట్టాక పడింది. “అంటే మీరు నూరు దాచుకున్నప్పుడు మీ కవరులో తగ్గింది ఎనభై ఐదే. ఆపేస్తే పెరిగేదీ ఎనభై ఐదే. ఇది మీకు ఏడాది కిందే చెప్పాను. మీరు పేపరు చదువుకుంటున్నారు.”

మా నాన్న మధ్యాహ్నం దాకా అదే లెక్క మళ్ళీ మళ్ళీ వేశాడు, ఏదో ఒకసారి నూరు రాకపోతుందా అన్నట్టు. రాలేదు.

సోమవారం ఓనరు గారి దగ్గరికి వెళ్ళి, తప్పు తనదేనని చెప్పి, ఉత్తరం వెనక్కి ఇమ్మన్నాడు. ఆయన నవ్వి, సరేలెండన్నారు. ఉత్తరం మాత్రం ఫైల్లోనే ఉంచారు. ఎందుకొచ్చిన గొడవ, ఇలాంటి మాట పడ్డ మనిషిని డబ్బు దగ్గర ఉంచడం దేనికని, అక్కని విడిభాగాల కౌంటర్లోకి మార్చారు. అక్కడ జీతం తక్కువ. లెక్క తేలింది. అక్క తప్పు లేదని అందరికీ తెలిసింది. అయినా ఆవిడ కుర్చీ ఆవిడకి తిరిగి రాలేదు. అయిదారు నెలలకి అక్కవాళ్ళు వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారు. ఆ ఉత్తరం ఎవరి దస్తూరీయో అక్కకి తెలియకుండా ఉండదు. నా లెక్కల పుస్తకాలు దిద్దింది ఆవిడే కదా. వెళ్ళేదాకా ప్రతి ఆదివారం నాకు లెక్కలు చెబుతూనే ఉంది. ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఒక దెబ్బ వేసినా నాకు కాస్త తేలికయ్యేది.

మొన్న మా అన్నయ్య మనవడు, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో కొత్తగా చేరినవాడు, ఫోన్లో తన జీతం స్లిప్పు చూపించాడు. పీఎఫ్ పోతున్నా పన్ను తగ్గలేదట. హెచ్ఆర్‌లో అమ్మాయి ఏదో చేసిందట. వాడు ఎంచుకున్నది కొత్త పన్ను విధానం. అందులో ఉద్యోగి తన జీతంలోంచి కట్టే పీఎఫ్‌కి మినహాయింపు లేదు. పాతదాంట్లోనైతే ఒక పరిమితి దాకా ఉంది. చేరిన రోజున అడిగితే, చదవకుండా తనే టిక్కు పెట్టాడు.

“ఆ అమ్మాయిని అడిగావురా?”

“అడిగేదేముంది బామ్మా, పైవాళ్ళకి మెయిలు పెట్టేశా.”

ఎన్నేళ్ళయినా వీళ్ళు మారరు. చెవి పట్టుకుని, అక్కడికక్కడే ఆ అమ్మాయికి ఫోను చేయించాను.

నేను ముప్ఫై ఏళ్ళు పత్రికలో పనిచేశాను. ఫలానావాడు తిన్నాడంటూ బల్ల మీదికి ఎన్ని ఉత్తరాలొచ్చాయో లెక్కలేదు. అందులో ఉన్న మనిషిని అడగకుండా ఒక్కటీ అచ్చుకి పంపలేదు. ఎడిషన్ ఆలస్యమవుతోందని ఎందరు కసిరినా పంపలేదు. అది గొప్పగా చెప్పుకోవడానికి కాదు. పై వాటాకి మా ఇంట్లోంచి పదకొండు మెట్లే. ఆ రాత్రి ఎక్కి ఉండాల్సింది.