రైట్ అంటే ఎటు?

2023 ఏప్రిల్. నోయిడాలో ఎండలు ముదురుతున్న రోజులు. అక్కడి ఫ్యాక్టరీ షెడ్ల మధ్య నాకొక చిన్న వర్క్‌షాప్ ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, పెళ్ళయ్యాక మా ఆవిడ ఉద్యోగం వెంట ఢిల్లీ వైపు వచ్చినవాణ్ణి. ఫోర్ బై ఫోర్ బళ్ళు మాత్రమే చూస్తాను, అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందే జీపుల్లాంటివి. అపార్ట్‌మెంట్లూ మెట్రోలూ ఉన్నచోట ఈ బళ్ళతో ఎవరికి పని అని మా బంధువులు ఇప్పటికీ అడుగుతారు. శుక్రవారం ఆఫీసు వదిలీ వదలగానే హిమాలయాల దారి పట్టేవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో వాళ్ళకు తెలియదు.

మేఘన అలాంటి పిల్లే. తల్లిదండ్రులది ఒంగోలు, తను పుట్టి పెరిగింది నోయిడాలో. ఒక మీడియా ఆఫీసులో వీడియో ఎడిటర్. తెలుగు మొత్తం అర్థమవుతుంది కానీ జవాబులో మాత్రం హిందీయో ఇంగ్లీషో కలిసిపోతుంది. ఒక శనివారం తన పాత జీపులో వచ్చి, వెనక సీట్లోంచి గోనెసంచిలో చుట్టిన బరువైన సామానొకటి దింపించింది. చండీగఢ్‌లో ఎవరో వాడి తీసేసిన లాకర్ అది. ఆమె వెంట వాళ్ళ తాతయ్య కోటయ్యగారు కూడా దిగారు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై కూతురి దగ్గర ఉంటున్నారాయన. నేను హిందీలో మాట్లాడుతున్నా నా యాస ఇట్టే పట్టేసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"ఏం బాబూ, పిల్ల పాత లాకరు కొన్నానంటంది. బ్యాంకుల్లో ఉంటయ్యే, ఆ లాకరేనా?"

ఇందులో బంగారమేమీ ఉండదని చెప్పి, స్టూలు వేసి కూర్చోబెట్టి వివరించాను. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం కన్నా బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి. అందుకు వీలు కల్పించేది డిఫరెన్షియల్, వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి కనిపించే భాగం. రోడ్డు మీద అది చాలా బుద్ధిమంతురాలు. గుంతల్లోకి వెళితే మాత్రం దాని తీరే మారిపోతుంది. ఒక చక్రం గాల్లోకి లేచిందంటే ఆ చక్రాన్నే గిరగిరా తిప్పుతుంది, నేల మీదున్న రెండోది కదలదు. లాకర్ ఆ రెండు చక్రాల్నీ ఒకటిగా కట్టేస్తుంది. డ్రైవరు స్విచ్ నొక్కగానే చిన్న కంప్రెసర్ నుంచి గాలి వెళ్ళి లోపలి గేర్లను బిగిస్తుంది. అప్పటినుంచి రెండూ కలిసి తిరగాల్సిందే. ఆయన శ్రద్ధగా విని, మొండి మొగుడూ పెళ్ళాల్ని ఒక తాటి మీదికి తెచ్చినట్టన్నమాట అన్నారు. ఇంతకన్నా బాగా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేకపోయాను.

మేఘనకు లాకర్ కావలసి వచ్చింది సరదాకి కాదు. రోడ్డు లేనిచోట బళ్ళు నడిపేందుకు ఆమె చేరిన ఆఫ్‌రోడ్ క్లబ్బు జూన్‌లో హిమాలయాల్లోని స్పితి లోయకు వెళుతోంది. అంతకుముందు ఏడాది నీ బండికి లాకర్ లేదు, నీకు అనుభవం లేదు అని ఆమెను వదిలేసి వెళ్ళారు. వాళ్ళు పంపిన ఫొటోలు చూస్తూ ఆ పిల్ల ఆఫీసులో కూర్చుని ఏడ్చిందట. ఈసారి క్లబ్బు లీడరు బల్బీర్‌జీ ఒక షరతు పెట్టాడు. ఫరీదాబాద్ అవతల క్లబ్బు వాళ్ళు సాధన చేసే నిటారు వాలు ఒకటుంది. దాన్ని ఎక్కి చూపిస్తే చోటు ఇస్తామన్నాడు. రెండు ప్రయత్నాలు మాత్రమే.

వాడిన సామానంటే నాకు అనుమానం జాస్తి. కొత్తదానికి కంపెనీ పూచీ ఉంటుంది, పాతదానికి నేనే పూచీ పడాలి. అందుకని ఆ లాకర్‌ను పూర్తిగా విప్పదీశాను. ముందు స్ప్లైన్లు చూశాను. ఇరుసు కడ్డీ చివర పళ్ళలా చెక్కి ఉండే గాళ్ళవి. ఇటు గాళ్ళూ అటు గాళ్ళూ సరిపోకపోతే ఎంత ఖరీదైన లాకరైనా పాత ఇనుమే. అదృష్టం, కలిశాయి. గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు మాత్రం ఎండి పెళుసెక్కాయి, మార్చేశాను. ఆ తర్వాతది ఓపిక పని. రెండు పెద్ద గేర్ల పళ్ళ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి, దాన్ని బ్యాక్‌లాష్ అంటాం. సందు ఎక్కువైతే పళ్ళు కొట్టుకుంటాయి, తక్కువైతే అరిగిపోతాయి. షిమ్ములనే పల్చటి రేకులు వేస్తూ తీస్తూ, ఆ సందును కొలిచే డయల్ గేజ్ ముల్లు నాకు కావలసినచోట నిలబడేదాకా మళ్ళీ మళ్ళీ బిగించాను.

ఈ పని జరిగినన్నాళ్ళూ కోటయ్యగారు చెగోడీల డబ్బా పట్టుకుని హాజరు. ఇంట్లో తోచదట. సబ్బు నీళ్ళు పోసి గాలి పైపును పరీక్షిస్తుంటే, ఎక్కడా బుడగ రానందుకు నాకన్నా ఆయనే ఎక్కువ సంబరపడ్డారు. గేరాయిలు వాసనలో చెగోడీలు తినడం ఆయన వల్లే అలవాటైంది నాకు.

లాక్ వేసిన బండి మలుపుకు మొండికేస్తుంది, స్టీరింగ్ నేరుగా ఉంచాలని మేఘనకు చెప్పి పంపాను. ఇంకో సంగతి కూడా ఉంది. నిటారు వాలు మీద డ్రైవరుకు బానెట్టూ ఆకాశమూ తప్ప ఏమీ కనపడవు. కాబట్టి బయట నిలబడి దారి చూపే మనిషి కావాలి, ఆ మనిషిని స్పాటర్ అంటారు. లోపలున్నవాళ్ళు తమ తెలివి పక్కనపెట్టి స్పాటర్ మాట వినాలన్నది క్లబ్బు నియమం. మేఘన తన స్పాటర్‌గా తాతయ్యను ఎంచుకుంది. రోజూ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆమె బండి రివర్సు చేస్తుంటే "రావాలి రావాలి" అంటూ పెట్టించేది ఆయనేనట.

పరీక్ష పెట్టిన ఆదివారం పొద్దున్నే నేను కూడా ఆ వాలు దగ్గరికి వెళ్ళాను. నా చేతిపని ఏమవుతుందో చూడకుండా ఇంట్లో కూర్చోలేను. మేఘన లాక్ వేసి మొదటి గేరులో కదిలింది. సగం ఎక్కేసరికి ఎడమ వెనక చక్రం గాల్లోకి లేచింది. అయినా బండి ఆగలేదు. నాకు ప్రాణం లేచివచ్చింది. అప్పుడు కోటయ్యగారు మంచి ఊపు మీద చెయ్యెత్తి "రైట్... రైట్" అన్నారు.

బండి ముక్కు ఠక్కున కుడివైపు గట్టుకేసి తిరిగింది. ఆయన కంగారుగా "హోల్డాన్" అని అరిచారు. ఇంజను ఇంకా గట్టిగా రొద పెట్టింది. చక్రాలు మట్టి చిమ్ముకుంటూ జారి, బండి గాడిలో పక్కకు ఒరిగి ఆగిపోయింది. బల్బీర్‌జీ తన బండికున్న ఇనుప తాడుతో లాగించి, ఒక వేలు ముడిచి చూపించాడు. ఒక ప్రయత్నం పోయింది.

నా అనుమానం వెంటనే లాకర్ మీదికే పోయింది. బండిని చదునైనచోట పెట్టించి, జాకీలతో వెనక చక్రాలు రెండూ పైకి లేపి, లాక్ వేసి, ఒకదాన్ని చేత్తో తిప్పాను. లాక్ పడకపోతే రెండోది ఎదురు తిరుగుతుంది. ఇక్కడ రెండూ ఒకే వైపు కదిలాయి. లాకర్ భేషుగ్గా ఉంది. మరి లాక్ వేశాక స్టీరింగ్ ఎందుకు తిప్పావని అడిగాను. మేఘన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"తాతయ్య రైట్ అన్నారు కదా అంకుల్. మైనే రైట్ కాటా, కుడికి తిప్పేశాను. ఫిర్ హోల్డ్ ఆన్ అన్నారు, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఇంకా రేస్ ఇచ్చాను."

కోటయ్యగారు నుదురు కొట్టుకున్నారు. నేనూ అంతే. మన ఆర్టీసీ బస్సులో కండక్టరు రైట్ రైట్ అంటే పోనిమ్మని, హోల్డాన్ అంటే ఆపమని. సెల్లార్‌లో ఆ మాటల అవసరమే రాలేదు, ఇక్కడ ఊపు రాగానే పాత డ్యూటీ ఆయన నోట్లోంచి వచ్చేసింది. ఎర్ర బస్సుల్లో పెరిగిన నా చెవికి కూడా ఆ రైట్ కుడివైపులా వినపడలేదు. నోయిడాలో పుట్టిన పిల్లకు వేరేగా ఎలా వినపడుతుంది? విషయం హిందీలో చెప్పగానే బల్బీర్‌జీ పొట్ట పట్టుకుని నవ్వాడు. మేఘనకు కూడా ఏడుపులోనే నవ్వొచ్చింది.

నవ్వు అయ్యాక, ఈసారి క్లబ్బు మనిషిని స్పాటర్‌గా పెట్టుకోమన్నాడు బల్బీర్‌జీ. కోటయ్యగారు కూడా తను పక్కకు తప్పుకుంటానన్నారు. ఆయన మొహం చిన్నబోవడం చూస్తే నాకు బాధేసింది. మేఘన ససేమిరా అంది.

"స్పాటర్ మా తాతయ్యే."

కోటయ్యగారు బండి రేకు మీద అరచేత్తో తట్టి చూశారు. "జనం కిక్కిరిసిన బస్సులో గొంతేం వినపడుద్ది? రేకు మీద చేత్తో కొట్టేవాళ్ళం. ఒక దెబ్బకి ఆపాలి, రెండు దెబ్బలకి పోనివ్వాలి. ఇందులో ఏ భాషా లేదు గదమ్మా" అన్నారు.

కదిలే బండికి అంత దగ్గరగా నిలబడనివ్వం కనుక, నా ఖాళీ గేరాయిల్ డబ్బా, ఒక స్పానరు ఆయన చేతికిచ్చాను. కుడి ఎడమలకైతే, బండి ఎటు తిరగాలో అటుకేసి చెయ్యి చాపితే చాలు. తాతా మనవరాలూ చదునైన నేల మీద ఒకసారి సాధన చేసుకున్నారు. తర్వాత రెండు దెబ్బలు మోగాయి, బండి కదిలింది. గట్టు దగ్గర ఒక దెబ్బకు ఆగింది. ఆయన బండికి ఎడమవైపు చెయ్యి చాపితే చక్రాలు నేరుగా సర్దుకున్నాయి. మళ్ళీ రెండు దెబ్బలు. వెనక చక్రం గాల్లోకి లేచింది, నేల మీదున్నది గట్టిగా పట్టింది, జీపు వాలు దాటి పైకెక్కి నిలబడింది. మేఘన కిందికి పరుగెత్తుకొచ్చి తాతయ్యను వాటేసుకుంది. ఆయన మాత్రం ఇంకా డబ్బా వాయిస్తూనే ఉన్నారు. మనసు అంత తేలికైన ఆదివారం నాకు ఈ వృత్తిలో ఎక్కువగా దొరకలేదు.

జూన్‌లో స్పితి నుంచి వీడియో వచ్చింది. ఒక వాగు ఒడ్డున బల్బీర్‌జీ మేఘన జీపు బానెట్టు మీద రెండు దెబ్బలు చరిచి, తన పంజాబీ యాసలో "రైట్ రైట్" అంటున్నాడు. జీపు నేరుగా వాగులోకి దిగింది. కోటయ్యగారు షెడ్డులో నా పక్కన కూర్చుని ఆ వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశారు. నాలుగు రోజుల్లో మంచి కండక్టరవుతాడు అన్నారు.

గాళ్ళు కలవాల్సింది ఇరుసుకూ లాకరుకూ మాత్రమే కాదని ఆ కేసు నాకు నేర్పింది. అప్పటినుంచి ఏ బండినైనా ట్రయల్‌కు పంపేముందు డ్రైవర్నీ స్పాటర్నీ చెరో పక్కకు పిలిచి, పొమ్మనడానికి ఏమంటారు, ఆపమనడానికి ఏమంటారు అని విడివిడిగా అడుగుతాను. ఇంత పెద్దవాళ్ళని ఇవేం ప్రశ్నలని నవ్వుతారు. నవ్వనీండి. ఇద్దరి జవాబూ ఒకటయ్యేదాకా బండి తాళాలు నా జేబులోనే ఉంటాయి.